లౌకిక వాదములందు హేత్వాభాసములు: గుర్తించు విధానము

గౌతమమహర్షి న్యాయసూత్రములందు పరిగణించిన 16 పదార్థములలో హేత్వాభాసము పదుమూడవది. హేతువు కాకయే హేతువువలె భాసించునది హేత్వాభాసమని యొక వ్యుత్పత్తి. హేతువునందలి దోషము హేత్వాభాసమని మరియొక వ్యుత్పత్తి. మొదటిదానిచే దుష్టహేతువును, రెండవదానిచే హేతుదోషమును బోధపడుచున్నవి. ఈ భేదమును పురస్కరించుకొని గంగేశోపాధ్యాయుని తత్త్వచింతామణికి వెలసిన వ్యాఖ్యలలో, విశేషించి గదాధరభట్టాచార్యుని సామాన్యనిరుక్తి విచారములో, సూక్ష్మమైన పరిశీలనము సాగినది. అది పండితులకు విదితమే. ఆ లక్షణములు లోకవ్యవహారమున ఎట్లు ఉపయోగపడునో చూపుటయే ప్రకృతవ్యాసమునకు విషయము.

ప్రాచ్యకళాశాలలలో అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము చదివిన విద్యార్థి సవ్యభిచార, విరుద్ధ, సత్ప్రతిపక్ష, అసిద్ధ, బాధితములను ఐదింటిని లక్షణోదాహరణములతో తడబడక అప్పగింపగలడు. శబ్దము నిత్యమని సాధించుటకు కృతకత్వమును హేతువుగా జెప్పిన అది విరుద్ధమని వెంటనే పలుకును. ఆ విద్యార్థియే ఇంటికి బోయి ఒక ఔషధమును గూర్చిన ప్రకటనను చదివి, అందు అదే దోషమున్నను గుర్తింపడు. శబ్దము, ఘటము, పర్వతము అను పరిచితములైన ఉదాహరణములు తొలగినంతనే లక్షణము మరుగుపడుచున్నది. ఆన్వీక్షికిని వాత్స్యాయనుడు సర్వవిద్యలకు దీపముగా సంభావించెను. దీపము తన గూటిని మాత్రమే వెలిగించినచో దాని ప్రయోజనము నెరవేరదు.

1. వాక్యమును అవయవములుగా విడదీయుట

లోకమున ఎవరును ప్రతిజ్ఞాది పంచావయవములతో మాటలాడరు. ప్రతిజ్ఞయు హేతువును తారుమారుగా వచ్చును. ఒక్కొకప్పుడు ప్రతిజ్ఞ ప్రశ్నరూపమున దాగియుండును. వ్యాప్తి మాత్రము ప్రాయికముగా వినబడదు. దోషము తరచుగా ఆ వినబడని వ్యాప్తియందే యుండును. కావున పరీక్షకు ముందు వాక్యమును విడదీయుట మొదటి పని.

"మా తాత తొంబై యేళ్లు బతికాడు, రోజూ చుట్ట కాల్చేవాడు. పొగాకు ఏం చేస్తుంది?" అను మాట పల్లెలందును పట్టణములందును వినబడునదే. ఇందు పొగాకు సేవనము పక్షము. హాని చేయకుండుట సాధ్యము. దానిని సేవించిన యొకడు దీర్ఘాయువై యుండుట హేతువు. ఏది సేవించినను, ఏది సంభవించినను, ఒకడు దీర్ఘాయువగుచో అది హానికరము కాదు అనునది లోపల దాగిన వ్యాప్తి. ఆ వ్యాప్తిని పైకి తెచ్చి పలికినంతనే వాక్యము బలహీనమైపోవును. పాము కరచినను బ్రతికి ముదిమి చెందినవారు కలరు. అంతమాత్రమున పాముకాటు హానికరము కాదని ఎవరును అనరు. హేతువు విపక్షమునందును గనబడినది గనుక ఇది సాధారణసవ్యభిచారము.

ఇచ్చట మరియొక సంగతి గమనింపవలెను. ఆ వృద్ధుని దృష్టాంతము వైద్యుని మాటను ఖండింపజాలదు. పొగాకు సేవించిన ప్రతివానికి తప్పక వ్యాధి కలుగునని వైద్యుడు చెప్పుటలేదు. అది వ్యాధికి కారణములలో నొకటి యనియే చెప్పుచున్నాడు. సహకారికారణములు సమకూడనిచో కారణమున్నను కార్యము పుట్టకపోవచ్చును. గాదెలోని విత్తనము మొలకెత్తలేదని విత్తనము మొలకకు కారణము కాదనుట ఎట్టిదో, ఇదియు అట్టిదే.

2. ఐదు రూపములు, ఐదు ప్రశ్నలు

సద్ధేతువునకు పక్షసత్త్వము, సపక్షసత్త్వము, విపక్షవ్యావృత్తి, అబాధితత్వము, అసత్ప్రతిపక్షత్వము అను ఐదు రూపములు చెప్పబడినవి. మొదటి మూడింటిని త్రైరూప్యమని దిఙ్నాగుడు అంగీకరించెను. నైయాయికులు మిగిలిన రెంటిని చేర్చిరి. కేవలాన్వయికి విపక్షము లేనందునను, కేవలవ్యతిరేకికి సపక్షము లేనందునను ఆ రెంటికి నాలుగు రూపములే చాలును. ఈ రూపములలో ఏది లోపించినను హేతువు దుష్టమగును.

ఈ ఐదింటిని ఐదు ప్రశ్నలుగా మార్చుకొన్నచో లౌకికవాక్యపరీక్ష సులభమగును. చెప్పిన హేతువు నిజముగా పక్షమునందున్నదా? సాధ్యము నిశ్చితమైన చోట అది కనబడినదా? సాధ్యము లేదని తెలిసిన చోట అది లేకుండునా? బలవత్తరమైన వేరొక ప్రమాణము సాధ్యమును త్రోసిపుచ్చుచున్నదా? సాధ్యాభావమును సాధించు సమబలహేతువు వేరొకటి కలదా? మొదటి ప్రశ్నకు లేదని సమాధానము వచ్చినచో అసిద్ధము. రెండవదానికి వచ్చినచో విరుద్ధము గాని అసాధారణము గాని. మూడవదానికి వచ్చినచో సాధారణసవ్యభిచారము. నాలుగవదానికి ఔనని వచ్చినచో బాధితము. ఐదవదానికి వచ్చినచో సత్ప్రతిపక్షము.

లక్షణములను వేరువేరుగా కంఠస్థము చేసినవానికి ఇవి ఐదు పేర్లు మాత్రమే. ప్రశ్నలుగా గ్రహించినవానికి ఇవి ఒకే పరీక్షలోని ఐదు మెట్లు.

3. ఉపాధి: కనబడని కారణము

లోకమున అన్నింటికంటె ఎక్కువగా మోసగించునది వ్యాప్యత్వాసిద్ధము. సోపాధికమైన హేతువే వ్యాప్యత్వాసిద్ధము. సాధ్యమునకు వ్యాపకమై, సాధనమునకు అవ్యాపకమైనది ఉపాధి. నిప్పు కలదు గనుక పొగ కలదని అనుమించినచో తడికట్టెల సంయోగము ఉపాధి. పొగయున్న చోట నెల్ల తడికట్టెల సంయోగము కలదు. నిప్పున్న చోట నెల్ల అది లేదు. కాలిన ఇనుపగుండులో నిప్పేగాని పొగ లేదు.

ప్రవేశపరీక్షల ఫలితములు వెలువడిన దినములలో గోడలమీదను పత్రికలలోను కనబడు ప్రకటనలకు ఈ లక్షణమును అన్వయింపవచ్చును. మా కళాశాలలో చదివినవారికి ఉన్నతమైన ర్యాంకులు వచ్చినవి. కావున ఇందు చేరిన మీ పిల్లవానికిని వచ్చును అనునది వాని తాత్పర్యము. ఆ కళాశాల ముందే పరీక్ష పెట్టి, సమర్థులను ఏరి చేర్చుకొన్నదనుకొందము. అప్పుడు పూర్వసిద్ధమైన సామర్థ్యము ఉపాధి. ర్యాంకు వచ్చిన చోట నెల్ల సామర్థ్యము కలదు. ఆ కళాశాలలో చేరిన ప్రతివానియందు అది ఉండవలెనను నియమము లేదు. ఇంతేకాక, అదే కళాశాలలో చేరియు ర్యాంకు పొందనివారి ఛాయాచిత్రములు ప్రకటనలో నుండవు. వారే ఇచ్చట వ్యభిచారస్థలము. ఆ స్థలమును కనబడనీయకుండుటచేతనే వ్యాప్తి ఉన్నట్లు తోచుచున్నది. అప్పుచేసి రుసుము చెల్లించు తండ్రి అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఎందరు చేరిరి, అందెందరికి ర్యాంకులు వచ్చినవి?

కాకతాళీయమును ఈ కోవలోనిదే. తాటిచెట్టుపై కాకి వాలుటయు, పండు రాలుటయు ఒకే క్షణమున జరిగినవి. పూర్వాపరభావము చూచినవాడు కార్యకారణభావమును కల్పించుకొనును. "పిల్లి ఎదురొచ్చింది, పని చెడింది" అనుట ఇట్టిదే. పిల్లి ఎదురుగా వచ్చియు నెరవేరిన పనులను, పిల్లి రాకయే చెడిన పనులను ఎవరును లెక్కపెట్టరు. "ఈ కషాయం మూడు రోజులు తాగాను, జలుబు తగ్గింది" అనునప్పుడు ఆ మూడు దినములలో జలుబు తనంతట తగ్గునా యని విచారింపవలెను. అన్వయము మాత్రము చాలదు. వ్యతిరేకమును గూడ చూడవలెను. కషాయము త్రాగనివాని జలుబు ఎన్ని దినములకు తగ్గినదో తెలియనిచో ఆ అనుభవము నిర్ణయమునకు చాలదు. విశ్వనాథ పంచాననుడు ఘటమునకు అన్యథాసిద్ధములైన వానిలో కుమ్మరి తండ్రిని, మట్టి తెచ్చిన గాడిదను లెక్కించెను. ఘటమునకు ముందున్నంత మాత్రమున గాడిద ఘటకారణము కాదు. జనులు కారణములుగా ఎంచు వానిలో పెక్కు ఈ గాడిదవంటివే.

4. తక్కిన ఆభాసములు

విరుద్ధము లోకమున అరుదని తలంతురు. పరిశీలించినచో అంత అరుదు కాదు. "ఈ మందు జబ్బును శాశ్వతంగా పోగొడుతుంది. జీవితాంతం రోజూ వాడాలి" అను వాక్యములో రెండవభాగము మొదటిదానికి బలముగా చెప్పబడినది. జీవితాంతము వాడవలసి యుండుట, వ్యాధి శాశ్వతముగా పోకుండుటతో వ్యాప్తమైనది. హేతువు సాధ్యాభావమునే సాధించుచున్నది.

సత్ప్రతిపక్షమున రెండు హేతువులు సమబలములై పరస్పరము అనుమితిని నిరోధించును. దాని ఫలము సంశయమే. అయినను లోకము అట్టి సందర్భమున "నిజం మధ్యలో ఉంటుంది" అని తేల్చివేయును. కొండపై నిప్పున్నదని యొకడును, లేదని యొకడును వాదించినచో అర్ధభాగము నిప్పున్నదని తీర్పు చెప్పుట ఎట్టిదో, ఇదియు అట్టిదే. సత్ప్రతిపక్షమువలె తోచునవి కొన్ని నిజముగా అట్టివి కావు. బాలునకు ఆంగ్లమాధ్యమము మేలు, ఉద్యోగమునకు ఉపకరించుట వలన అని యొకడు. తెలుగుమాధ్యమము మేలు, విషయము సులభముగా బోధపడుట వలన అని మరియొకడు అనునప్పుడు, 'మేలు' అను సాధ్యము ఇరువురికి ఒక్కటి కాదు. సాధ్యభేదమును చూపినచో కలహము తగ్గి, ఏ మేలు ముఖ్యమను అసలు ప్రశ్న మిగులును.

అసిద్ధములలో ఆశ్రయాసిద్ధము ప్రశ్నల వెనుక దాగును. గగనారవిందము సువాసన గలది యను శాస్త్రోదాహరణమునకు నవ్వు విద్యార్థి, "నీవు అబద్ధాలాడటం ఎప్పుడు మానేశావు?" అను ప్రశ్నకు తడబడును. ఈ ప్రశ్నకు ఆశ్రయము అబద్ధములాడు అలవాటు. ఆ అలవాటే సిద్ధము కానిచో ఏ సమాధానమిచ్చినను అది ఒప్పుకోలగును. ఆశ్రయమును నిరాకరించుటయే దీనికి సరియైన ఉత్తరము.

న్యాయసూత్రములందు అసిద్ధస్థానమున సాధ్యసమమను పేరు కలదు. సాధ్యమువలెనే హేతువును సాధింపవలసియుండుట సాధ్యసమత్వము. "ఆ పత్రికలో వచ్చింది నిజమే, ఎందుకంటే ఆ పత్రిక అబద్ధం రాయదు" అను వాక్యమునకు ఈ ప్రాచీననామము చక్కగా సరిపోవును. ఆ పత్రిక అబద్ధము వ్రాయదని ఎట్లు తెలిసినదనగా, అందు వచ్చినవన్నియు నిజములే గనుక అనినచో అన్యోన్యాశ్రయము సిద్ధించును.

బాధితమును గూర్చి విస్తరింప బనిలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లను సామెతను తెలుగువారు ఎరుగుదురు. కుందేలు ఎదుటనే యున్నప్పుడు అనుమానమునకు పని యేమి?

5. ఛలము, నిగ్రహస్థానములు, వక్తృదూషణము

లోకమున తప్పుడు వాదములన్నియు హేత్వాభాసములు కావు. కొన్ని మాటను వక్రీకరించుట వలనను, కొన్ని విషయమును తప్పించుట వలనను పుట్టును. వీనిని శాస్త్రము ఛల, జాతి, నిగ్రహస్థానములుగా వేరుచేసినది. ఛలము మూడు విధములు. "ఆ ఇంట్లో నాకూ పాలుంది" అని తన భాగమును గోరినవానితో "ఆవు లేని ఇంట్లో పాలెక్కడివి?" అనుట వాక్ఛలము. "పెళ్లికి ఊరంతా వచ్చింది" అనగా "ఇండ్లు కూడా వచ్చాయా?" అనుట ఉపచారచ్ఛలము. సామాన్యచ్ఛలము మిక్కిలి ప్రమాదకరము. పల్లెటూరివారు ఆతిథ్యమిత్తురని ప్రశంసాపూర్వకముగా నొకడు పలుకగా, పల్లెలో పుట్టిన ప్రతివాడును ఆతిథ్యమిచ్చునని యతడు ప్రతిజ్ఞ చేసినట్లు మార్చి, ఒక లోభిని జూపి ఖండించుట దాని స్వరూపము. వక్త అననిదానిని ఖండించి గెలిచినట్లు తలచుట నేటి చర్చలందు అధికముగా గనబడుచున్నది.

నిగ్రహస్థానములు 22. వానిలో మతానుజ్ఞ యనునది ప్రత్యేకముగా ఎన్నదగినది. తన పక్షమున ఎదుటివాడు చూపిన దోషమును పరిహరింపక, అదే దోషము నీ పక్షమునను గలదనుట మతానుజ్ఞ. "మీ హయాంలో అవినీతి జరగలేదా?" అనునప్పుడు సభ చప్పట్లు కొట్టును, కాని ఆ వాక్యముచే వక్త తన కాలమున జరిగిన అవినీతిని అంగీకరించినట్లే. ప్రతిజ్ఞ నిలువనప్పుడు దానికొక విశేషణము చేర్చి మార్చుట ప్రతిజ్ఞాంతరము. ప్రకృతమును విడిచి సంబంధము లేని విషయమునకు మరలుట అర్థాంతరము.

వక్తను దూషించుట ఎప్పుడు తగును, ఎప్పుడు తగదు అను విషయమున శాస్త్రదృష్టి స్పష్టమైనది. ఒక మాట అనుమానముపై ఆధారపడినచో హేతువునే పరీక్షింపవలెను. వక్త శీలముతో పని లేదు. ఆ మాట కేవలము వక్త నోటి ప్రమాణముపై ఆధారపడినచో అది శబ్దప్రమాణము గనుక ఆప్తత్వమును పరీక్షింపవలెను. చుట్ట త్రాగు వైద్యుడు చుట్ట మానుమని కారణములు చూపినచో, అతని అలవాటు ఆ కారణములను చెడగొట్టదు. అమ్మకమున వాటాగల వైద్యుడు కారణము చెప్పక "నా మాట నమ్మండి, ఈ మందే మంచిది" అనినచో, అతని వాటాను ప్రశ్నించుట దూషణము కాదు, ఆప్తత్వపరీక్ష. ఈ రెంటిని కలగాపులగము చేయుటచే మంచి హేతువులు తిరస్కృతములగుచున్నవి, స్వార్థవచనములు ఆదరింపబడుచున్నవి.

6. పరిశోధనమునందలి ఆభాసములు

ఈ దోషములు పామరులకే పరిమితములు కావు. ఒక గ్రంథము తాళపత్రములపై నున్నందున ప్రాచీనమని నిర్ణయించుట సాధారణసవ్యభిచారము. ఆంధ్రదేశమున 19వ శతాబ్దిలోను తాళపత్రములపై ప్రతులు వ్రాయబడినవి. ఇద్దరు కవుల వర్ణనలు పోలియున్నవి గనుక ఒకరు మరియొకరిని అనుకరించిరనుటలో, ఇరువురికిని మూలమైన పురాణమో, కవిసమయమో ఉపాధిగా నుండవచ్చును.

అన్నింటికంటె ప్రబలమైనది మౌనము నుండి చేయు అనుమానము. ఒక కవి తన పూర్వకవిస్తుతిలో మరియొక కవిని పేర్కొనలేదు. కావున ఆ రెండవకవి అప్పటికి లేడు అందురు. అభావమును గ్రహించుటకు యోగ్యానుపలబ్ధి కావలెనని శాస్త్రము నిర్ణయించినది. ఉన్నచో కనబడి తీరవలసినది కనబడనప్పుడే లేదనవచ్చును. వెలుతురుగల నేలపై ఘటము కనబడనిచో ఘటము లేదు. చీకటిలో కనబడనిచో ఆ మాట చెప్పరాదు. పూర్వకవిస్తుతి కవులందరి పట్టిక కాదు. కవి తనకు ఇష్టులైనవారిని స్మరించు స్థానము. ఆ కవి ఉన్నచో ఇతడు తప్పక పేర్కొనియుండెడివాడని ముందు సాధించిన పిమ్మటనే మౌనము హేతువగును.

దీనికి చరిత్రలో ప్రసిద్ధమైన దృష్టాంతము కౌటిలీయార్థశాస్త్రము. చిరకాలము అది ఇతరగ్రంథములందలి ఉదాహరణముల వలననే ఆధునికపండితులకు తెలియుచుండెను. గ్రంథలిపిలోనున్న తాళపత్రప్రతిని ఆర్. శామశాస్త్రి 1905లో మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున గుర్తించి, 1909లో ప్రకటించెను. ప్రతి దొరకనందున గ్రంథము నశించెనని అంతకు ముందు తీర్పు చెప్పియుండినచో అది అయోగ్యానుపలబ్ధిపై నిలిచిన తీర్పే అయ్యెడిది. పరిష్కరింపబడక, పట్టికలకెక్కక పడియున్న ప్రతులు గల దేశమున లేదను మాట పలుకుటకు మిక్కిలి జాగరూకత అవసరము.

7. దూషణమునకు గల హద్దు

హేత్వాభాసములను నేర్చినవానికి ఒక ప్రమాదము పొంచియుండును. హేతువు దుష్టమని చూపినంతనే సాధ్యము అసత్యమని తేలినట్లు అతడు భావించును. ఐదింటిలో బాధితము మాత్రమే పక్షమున సాధ్యాభావమును నేరుగా తెలుపును. విరుద్ధమున హేతువు పక్షమునందున్నట్లు సిద్ధించినచో సాధ్యాభావము ఫలించును. సవ్యభిచార, అసిద్ధ, సత్ప్రతిపక్షములందు సాధ్యము సిద్ధింపలేదని మాత్రమే తేలును. అది ఉండవచ్చును, లేకుండవచ్చును.

కొండపై మంచు తెరను చూచి పొగయని భ్రమించి, నిప్పున్నదని యొకడు కేక వేసెననుకొందము. అది పొగ కాదు, మంచు; కావున హేతువు స్వరూపాసిద్ధము. ఇంతవరకు ప్రతివాది మాట యుక్తమే. కావున కొండపై నిప్పు లేదని యతడు ముందుకు సాగినచో అతడును హేత్వాభాసములోనే పడును. కొండకు ఆవలివైపున నిప్పు నిజముగా రగులుచుండవచ్చును. భోజనమునకు ముందు చేతులు కడుగుమని చెప్పిన ముసలమ్మ "మా అమ్మ చెప్పింది" అను హేతువును మాత్రమే చూపవచ్చును. ఆ హేతువు చాలదని నిరూపించిన మనుమడు చేతులు కడుగుకొనుట మానినచో తర్కవిద్య అతనికి రోగమునే తెచ్చును.

వాద, జల్ప, వితండలను శాస్త్రకారులు వేరుచేయుటకు ప్రయోజనమిదియే. వాదమున ఉభయులు తత్త్వనిర్ణయమును గోరుదురు. జల్పమున జయమును గోరుదురు. వితండలో స్వపక్షస్థాపనమే యుండదు, పరపక్షదూషణమే యుండును. హేత్వాభాసజ్ఞానము మూడింటను ఉపకరించును. వాదమున అది ఎదుటివానికి మేలైన హేతువును వెదకుటకు సాయపడును. వితండలో ప్రతివాని నోరును మూయించును.

8. బోధనమునందు చేయదగినది

పాఠ్యక్రమమును మార్పనక్కరలేదు. ఒక్కొక్క హేత్వాభాసమును చెప్పినపుడు శాస్త్రోదాహరణము పిమ్మట ఒక లౌకికవాక్యమును ఇచ్చి పక్ష, సాధ్య, హేతువులను విడదీయించుట, దాగిన వ్యాప్తిని విద్యార్థిచేతనే పలికించుట, ఐదు ప్రశ్నలను వరుసగా అడిగించుట చాలును. చివర ఆరవ ప్రశ్నను గూడ అడుగవలెను: ఈ హేతువు తొలగినపిమ్మట సాధ్యమును గూర్చి మనకు నిశ్చయముగా తెలిసినదేమి? పరీక్షాపత్రములందు లక్షణమును వ్రాయుమను ప్రశ్నతోబాటు, ఇచ్చిన వాక్యములోని దోషమును నిరూపించి, సాధ్యమును నిర్ణయించుటకు ఇంకను కావలసిన ప్రమాణమును పేర్కొనుమను ప్రశ్నయు చేరినచో లక్షణము కంఠమున నిలిచిపోక బుద్ధికి ఎక్కును. తర్కసంగ్రహమును ముగించిన విద్యార్థి ఔషధప్రకటనను, ఎన్నికల ప్రసంగమును, పరిశోధనవ్యాసమును ఒకే దృష్టితో పరీక్షింపగలిగిననాడు ఆ పాఠము సఫలమైనట్లు.